వంగాల్సింది నడుము కాదు

హైదరాబాద్ అమీర్‌పేటలో ఎవరైనా ‘బైక్ కొన్నా’ అంటే మొదటి ప్రశ్న ‘ఎన్ని సీసీ?’. రెండోది ‘మైలేజీ ఎంతొస్తుంది?’. అది తొక్కే బండి అని తెలిశాక మూడో ప్రశ్న రాదు, ఓ చూపు వస్తుంది. ధర చెప్పాక ఆ చూపు ఇంకాస్త సాగుతుంది.

మైత్రీవనం దగ్గరి సందులో హాస్టల్లో ఉంటూ, వారమంతా కంప్యూటర్ ముందు గడిపి, ఒళ్లు కాస్త కదిలించాలని రోడ్ బైక్ కొన్న కుర్రవాడు ఒకడున్నాడనుకుంటే, అతని అసలు తంటా ఆ చూపులతో కాదు. పంజాగుట్ట దాటేసరికే మెడ పట్టేస్తుంది. ఖైరతాబాద్ మీదుగా నెక్లెస్ రోడ్డు చేరేసరికి చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంది. తిరిగొచ్చి మెట్లెక్కుతూ నడుం పట్టుకుంటాడు. రెండు ఆదివారాలు గడిచాక, ‘ఇది మన ఒంటికి సరిపడేది కాదేమో’ అని బండిని బాల్కనీలో పెడతాడు. మూడో ఆదివారం దాని హ్యాండిల్ మీద తువ్వాలు ఆరుతూ ఉంటుంది.

బండి బాగానే ఉంది. ఒళ్లూ బాగానే ఉంది. ఆ రెంటికీ ఇంకా పరిచయం కాలేదు, అంతే.

పాత సైకిల్ నేర్పిన అలవాటు

తెలుగునాట ఎక్కువమంది సైకిల్ నేర్చుకున్నది అట్లాస్, హీరో, హెర్క్యులిస్ లాంటి పెద్ద బండ్ల మీద. సీటు అందక, ఫ్రేము మధ్యలోంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కినవాళ్లకు ఆ బండ్ల తీరు బాగా తెలుసు. హ్యాండిల్ సీటు కంటే ఎత్తులో ఉండి, చివరలు తొక్కేవాడి వైపు తిరిగి ఉంటాయి. వెడల్పాటి సీటు కింద స్ప్రింగులుంటాయి. కుర్చీలో కూర్చున్నట్టే నిటారుగా కూర్చోవచ్చు. ఒంటి బరువంతా సీటే మోస్తుంది, చేతుల పని దారి మళ్లించడం, గంట కొట్టడం.

రోడ్ బైక్‌లో లెక్క మారుతుంది. హ్యాండిల్ సీటుకు సమానంగానో కిందకో ఉంటుంది, ముందుకు దూరంగా ఉంటుంది. బరువును పాదాలు, సీటు, చేతులు మూడూ పంచుకోవాలి. కొత్తవాళ్లు మొదటి రోజు చేసే పొరపాటు ఇక్కడే. పాదాలు మోయాల్సిన వాటాను కూడా అరచేతుల మీద వేస్తారు. గోడను నెడుతున్నట్టు చేతులు బిగుసుకుంటాయి, భుజాలు చెవుల దాకా లేస్తాయి. మెడ నొప్పీ వేళ్ల తిమ్మిరీ అక్కడే మొదలవుతాయి.

అసలు ఇంతగా ఎందుకు వంగాలి? గాలి కోసం. ఎదురుగాలి నిరోధం వేగంతో పాటు అదే లెక్కన పెరగదు. దాన్ని ఎదుర్కోవడానికి కావాల్సిన శక్తి వేగపు ఘనం లెక్కన పెరుగుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగం నుంచి 30కి వెళ్లాలంటే గాలి మీద పెట్టే శక్తి ఒకటిన్నర రెట్లు చాలదు, దాదాపు 3.4 రెట్లు కావాలి. ఆ గాలికి ఎక్కువ అడ్డం పడేది సైకిల్ కాదు, దాని మీద కూర్చున్న మనిషి ఛాతీ.

ఈ లెక్కను చివరి దాకా తీసుకెళ్లినవాడు స్కాట్లండ్‌కు చెందిన గ్రేమ్ ఓబ్రీ. వాషింగ్ మెషిన్ బేరింగులు వాడి సొంతంగా కట్టుకున్న సైకిల్ మీద, చేతులు ఛాతీ కిందకు ముడుచుకుని, 1993 జూలై 17న నార్వేలోని హామర్‌లో గంటలో 51.596 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు కొట్టాడు. మరుసటి ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం ఆ భంగిమను నిషేధించింది. అంతకు ముందు, 1989 టూర్ డి ఫ్రాన్స్ చివరి రోజు 24.5 కిలోమీటర్ల పోటీలో 50 సెకన్లు వెనకబడి బయల్దేరిన అమెరికన్ గ్రెగ్ లెమాండ్, మోచేతులు ఆనించి ముందుకు వంగే హ్యాండిల్‌తో తొక్కి మొత్తం రేసును 8 సెకన్ల తేడాతో గెలిచాడు.

అమీర్‌పేట కుర్రవాడికి ఈ కథలతో పనేమిటంటే, వంగడం వేగం కోసం పుట్టిన ఏర్పాటు అని గుర్తుంచుకోవడం. మెట్రో స్తంభాల పక్కన, ఆటోల మధ్య, గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు పూర్తిగా వంగి ఒరిగేదేమీ లేదు. పైగా చుట్టూ చూడటం కష్టమవుతుంది. ఆ దారిలో హ్యాండిల్ పైభాగం పట్టుకుని, లేదా బ్రేకుల మీది రబ్బరు తొడుగులు, అంటే హుడ్స్ పట్టుకుని తల ఎత్తి పోవడమే తెలివి. కింద వంపు తిరిగిన డ్రాప్స్‌ను ఖాళీ రోడ్డుకు దాచుకోవచ్చు.

మడత పడే చోటు

తెలుగులో ‘నడుం వంచి పనిచెయ్’ అంటారు. సైకిల్ విషయంలో మాత్రం ఆ మాటను అక్షరాలా పాటిస్తే చిక్కే. ధనుర్మాసంలో తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు పెట్టే పెద్దావిడను పక్క నుంచి గమనిస్తే ఇది తెలుస్తుంది. కాళ్లు దాదాపు నిటారుగా ఉంటాయి, వీపు పలకలా తిన్నగా ఉంటుంది, పిరుదులు వెనక్కి జరిగి ఉంటాయి. ఒళ్లు మడతపడేది నడుము దగ్గర కాదు, ఇంకా కింద, తుంటి కీలు దగ్గర. కోచింగ్ సెంటర్ బెంచీ మీద ల్యాప్‌టాప్‌లోకి తలదూర్చిన కుర్రవాడూ వంగే ఉంటాడు కానీ, అతని కటి వెనక్కి ఒరిగి, వీపు రొయ్యలా చుట్టుకుని ఉంటుంది. అదే వీపును సైకిల్ మీదకు తెచ్చి, ఆపైన రోడ్డు చూడటానికి తల ఎత్తితే, మెడ తన వంతుకు మించి వెనక్కి వంగాల్సి వస్తుంది.

గదిలోనే చేసి చూడదగ్గ పరీక్ష ఒకటుంది. మడమలు, పిరుదులు గోడకు ఆనించి నిలబడి, మోకాళ్లు మడవకుండా ముందుకు వంగి నేల మీది పెన్ను తీయబోతే మనిషి ముందుకు తూలిపోతాడు. గోడకు రెండడుగులు ముందుకు జరిగి అదే పని చేస్తే సునాయాసంగా వంగుతాడు. పిరుదులు వెనక్కి జరగడానికి చోటు దొరికింది కాబట్టి ఒంటి బరువు పాదాల మీద నిలిచింది. సైకిల్ సీటు మరీ ముందుకు జరిపి ఉంటే తొక్కేవాడి పరిస్థితి గోడకు ఆనుకున్నవాడిదే. పడకుండా ఆపేది చేతులొక్కటే.

సీటు మీద కూర్చున్నాక కటిని నీళ్లు నిండిన గిన్నె అనుకుంటే పని సులువవుతుంది. ఆ నీళ్లు ముందంచు నుంచి కాస్త ఒలికేలా గిన్నెను ముందుకు వంచాలి. అప్పుడు వీపు దానంతటదే తిన్ననవుతుంది. మోచేతులు కొద్దిగా మడిచి ఉంచాలి, భుజాలు కిందకు జార్చాలి. మణికట్టు ముంజేతితో ఒకే గీతలో ఉండాలి. రోడ్డు మీద గుంత వచ్చినా స్పీడ్ బ్రేకర్ వచ్చినా మడిచిన మోచేతులే స్ప్రింగులవుతాయి. బిగదీసిన చేతులు ఆ దెబ్బను నేరుగా మెడకు పంపిస్తాయి.

ముందు సీటు, తర్వాత హ్యాండిల్

కొత్తవాళ్లు మొదట హ్యాండిల్ మీద పడతారు. అనుభవమున్న మెకానిక్ మొదట సీటు చూస్తాడు, ఎందుకంటే సీటు కదిలితే హ్యాండిల్ దూరం కూడా మారిపోతుంది.

ఎత్తు కనుక్కోవడానికి లెమాండ్ పేరుతో ప్రచారమైన సూత్రం మంచి ఆరంభం. గోడకు ఆనుకుని, చెప్పులు విప్పి నిలబడి, గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ల మధ్య సీటు లాగా పైకి నొక్కి, నేల నుంచి పుస్తకం పైఅంచు దాకా కొలవాలి. ఆ కొలతను 0.883తో గుణించాలి. 78 సెంటీమీటర్లు వస్తే, పెడళ్ల మధ్య ఇరుసు నుంచి సీటు పైభాగానికి సుమారు 69 సెంటీమీటర్లు ఉండాలన్నమాట. టేపు లేనివాళ్లకు మడమ పద్ధతి ఉంది: పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు సరిగ్గా నిటారు కావాలి. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలికి 25 నుంచి 35 డిగ్రీల వంపు మిగులుతుంది.

తర్వాత సీటు ముందువెనకలు. పెడళ్లు నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు, ముందున్న మోకాలి చిప్ప కింది నుంచి దారానికి నట్టు కట్టి వేలాడదీస్తే అది పెడల్ ఇరుసు దగ్గర పడాలి. ఇది శాసనం కాదు, మొదలుపెట్టే చోటు. చివరగా సీటు వాలు. ఫోనులోని లెవెల్ యాప్‌తో చూస్తే దాదాపు సమంగా ఉండాలి. సీటు ముక్కు బాగా కిందకు వాలితే మనిషి ముందుకు జారుతూ ఉంటాడు, ఆ జారుడును చేతులు ఆపుతూ ఉంటాయి.

ఎత్తు సరిచేయగానే ఇంకో భయం మొదలవుతుంది. కూర్చుంటే రెండు కాళ్లూ నేలకు ఆనవు. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర వెనక బస్సు హారన్ కొడుతుంటే ఈ సంగతి గుర్తొచ్చి, చాలామంది మర్నాడే సీటు మళ్లీ దించేస్తారు. దాంతో మోకాళ్ల నొప్పి కొని తెచ్చుకుంటారు. రోడ్ బైక్ మీద ఆగడమే వేరు. ఆగేముందు తేలిక గేరుకు మార్చి, కుడి పెడల్ అడుగుకు తెచ్చి, దాని మీద నిలబడి, సీటు ముందుకు దిగి, ఎడమ కాలు కింద పెట్టాలి. బయల్దేరేటప్పుడు కుడి పెడల్ గడియారంలో రెండు గంటల ముల్లు ఉండే చోటికి తెచ్చి, దాన్ని నొక్కుతూనే సీటు మీదకు ఎక్కాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో 20 సార్లు చేస్తే వచ్చేస్తుంది. అక్కడే ఏ చేతి బ్రేకు ఏ చక్రానిదో కూడా చూసుకోవాలి.

ఇక హ్యాండిల్. ‘దూరంగా ఉంది’ అనిపించగానే సీటు ముందుకు జరపడం చేతికందే చిట్కా, కానీ గోడ పరీక్ష చెప్పినట్టు అది చేతుల మీద బరువు పెంచుతుంది. మార్చాల్సింది స్టెమ్. హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే ఆ ముక్క 10 మిల్లీమీటర్ల తేడాతో రకరకాల పొడవుల్లో దొరుకుతుంది. చాలా బండ్లలో అది కిందకు వాలి ఉంటుంది. తిప్పి బిగిస్తే, 6 డిగ్రీల వాలున్న 100 మిల్లీమీటర్ల స్టెమ్‌తో హ్యాండిల్ సుమారు 2 సెంటీమీటర్లు లేస్తుంది. స్టెమ్ కింద ఉండే స్పేసర్ రింగులతో ఇంకాస్త సర్దవచ్చు. బోల్టులు ఎంత బిగించాలో స్టెమ్ మీదే రాసి ఉంటుంది, తరచుగా 5 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల. ఇది చేతి అంచనాతో చేసే పని కాదు, టార్క్ రెంచ్ ఉన్న మెకానిక్‌తో చేయించాలి. ఇన్ని చేసినా హ్యాండిల్ ఇంకా దూరంగా ఉన్నట్టే ఉంటే, ఫ్రేము సైజే తప్పు. ఏ స్టెమ్మూ దాన్ని దిద్దలేదు.

నాలుగు వారాల పుస్తకం

మొదటి వారం మూడు రోజులు, రోజుకు 25 నుంచి 30 నిమిషాలు. ఆరు గంటలకు ముందే బయల్దేరితే అమీర్‌పేట కూడలి ఊపిరి పీల్చుకుంటూ కనిపిస్తుంది. పంజాగుట్ట, ఖైరతాబాద్ మీదుగా హుస్సేన్‌సాగర్ ఒడ్డు దాకా హుడ్స్ మీదే చేతులుంచి పోయి రావచ్చు. ఒళ్లు ‘ఇంకొంచెం’ అంటున్నప్పుడే ఇంటికి తిరగాలి.

రెండో వారం 45 నిమిషాలు. ప్రతి ఐదు నిమిషాలకు చేతుల చోటు మార్చాలి: పైభాగం, హుడ్స్, మళ్లీ పైభాగం. మూడో వారం, రోడ్డు నున్నగా ఖాళీగా ఉన్న చోట ఒక్కో నిమిషం డ్రాప్స్. తల మొత్తం ఎత్తి కాకుండా, గడ్డం కొంచెం లోపలికి లాగి, కళ్లు పైకెత్తి చూడటం అలవాటు చేసుకోవాలి. కళ్లజోడు ఉన్నవాళ్లకు ఇక్కడ చిక్కొస్తుంది. వంగినప్పుడు జోడు పైఅంచు సరిగ్గా దారికి అడ్డం పడుతుంది, దాన్ని తప్పించుకోవడానికి మెడ ఇంకా విరుస్తారు. జోడును ముక్కు మీద పైకి నిలబెట్టే పట్టీ, లేదా పెద్ద అద్దాలున్న ఫ్రేము ఆ పని తగ్గిస్తాయి.

నాలుగో వారం గంటన్నర, కొంచెం ఎత్తు కూడా. పంజాగుట్ట నుంచి బంజారాహిల్స్ వైపు ఎక్కేటప్పుడు హ్యాండిల్ పైభాగం పట్టుకుని ఛాతీ తెరిచి ఊపిరి తీసుకోవాలి. పెద్ద గేరులో బలవంతంగా తొక్కితే ఆ బరువు నడుం మీద పడుతుంది.

ఈ వారాలన్నిటికీ ఒకే షరతు: ఒకసారికి ఒకే మార్పు, దాని మీద కనీసం మూడు సవారీలు. తేదీ, సీటు ఎత్తు మిల్లీమీటర్లలో, ఎంతసేపు తొక్కింది, ఎక్కడ నొప్పి పుట్టింది ఒక చిన్న పుస్తకంలో రాసుకోవాలి. సీటు, స్టెమ్, చక్రాల గాలి మూడూ ఒకేరోజు మార్చేస్తే, మేలు చేసింది ఏదో, కీడు చేసింది ఏదో తేలదు.

గాలి సంగతి కూడా చేతులకు సంబంధించిందే. రాయిలా గట్టిపడేదాకా కొట్టించడం పాత అలవాటు. టైరు పక్కన రాసిన గరిష్ఠ పరిమితి దాకా పోనక్కర్లేదు. ఫ్రేములో చోటుంటే 25 మిల్లీమీటర్ల టైరు బదులు 28 వేసి, కాస్త తక్కువ గాలితో పోతే మ్యాన్‌హోల్ మూతల దెబ్బ మణికట్టు దాకా రాదు. సన్నటి ప్రెస్టా వాల్వుకు వీధి పంక్చర్ షాపు పంపు పట్టదు, ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో ఉండాలి. ఆఫీసుకు తొక్కేవాళ్లు ల్యాప్‌టాప్ సంచీని వీపు మీద మోయకూడదు. నిటారుగా నడిచేటప్పుడు బరువనిపించని సంచీ, వంగినప్పుడు మెడ వైపు జారి కూర్చుంటుంది.

గదిలో రోజూ పది నిమిషాల కసరత్తు చాలు. మార్జాలాసనం వెన్నును వదులు చేస్తుంది, భుజంగాసనం కూర్చుని కూర్చుని బిగిసిన తుంటి ముందుభాగాన్ని తెరుస్తుంది, సేతుబంధాసనం పిరుదులకు పని చెబుతుంది. వీటికి ప్లాంక్ ఒకటి కలిపితే, చేతుల మీద వాలకుండా ఒంటిని నిలబెట్టే పొట్ట కండరాలు గట్టిపడతాయి. రెండు మంచాల మధ్య చాప పరిచేంత జాగా ఏ హాస్టల్లోనైనా దొరుకుతుంది.

నొప్పి ఎక్కడుందో, తప్పు అక్కడే ఉండదు

కండరాలు కొత్త పనికి అలవాటుపడే నొప్పికి డాక్టరు దాకా పోనక్కర్లేదు, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. మిగతా నొప్పుల్లో ఒక్కోటీ ఒక్కో సంగతి చెబుతుంది.

మోకాలి ముందు నొప్పి వస్తే సీటు కిందకో ముందుకో ఉందని అనుమానించాలి. మోకాలి వెనక లాగుతూ, తొక్కేటప్పుడు తుంటి అటూ ఇటూ ఊగుతుంటే సీటు ఎక్కువ ఎత్తులో ఉంది. చిటికెన వేలు, ఉంగరపు వేలులో సగం మొద్దుబారితే అరచేతి అంచున పోయే అల్నార్ నరం నలుగుతోంది. దీనికి ‘సైక్లిస్ట్స్ పాల్సీ’ అని పేరే ఉంది. మెత్తటి గ్లౌజు కొంత సాయం చేస్తుంది కానీ, అసలు మందు చేతుల మీది బరువు తగ్గించడం. కాళ్ల సందులో తిమ్మిరి వస్తే సర్దుకుపోతుందిలే అని ఊరుకోకూడదు. వెంటనే పెడళ్ల మీద లేచి నిలబడి రక్తం ఆడనివ్వాలి, తర్వాత సీటు వాలు, వెడల్పు చూసుకోవాలి. తిమ్మిరి మర్నాటికీ పోకపోయినా, నడుం నుంచి కాలిలోకి కరెంటు షాకులా నొప్పి పాకినా ఇక బండిని సర్దడం ఆపి డాక్టరును కలవాలి.

మెడను తేలిగ్గా తీసుకోకూడదనడానికి ఓ వింత ఉదాహరణ ఉంది. మనిషి తల దాదాపు 5 కిలోలు. వంగినప్పుడు దాన్ని మెడ వెనక కండరాలే మోస్తాయి. 1983లో అమెరికాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తొక్కే రేసులో మైకేల్ షెర్మర్ అనే రైడర్ మెడ కండరాలు తలను నిలబెట్టలేని స్థితికి వచ్చాయి. అప్పటి నుంచి ఆ ఇబ్బందిని ‘షెర్మర్స్ నెక్’ అంటున్నారు. నెక్లెస్ రోడ్డు చుట్టి వచ్చేవాళ్లకు అంత గతి పట్టదు కానీ, కండరం అలసిపోయే తీరు ఇద్దరిలోనూ ఒకటే.

రింగు తీసే రోజు

నెల గడిచాక పడమర వైపు పోవచ్చు. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్ 1న మొదలైంది. నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపుల్లో ఆటోలూ బస్సులూ అడ్డురాని దారి అది. వంగడం ఎందుకో ఒంటికి తెలిసేది అక్కడే. ఎదురుగాలిలో ఒకసారి హ్యాండిల్ పైభాగం పట్టుకుని, ఒకసారి డ్రాప్స్ పట్టుకుని, అదే శ్రమతో తొక్కి మీటర్లో వేగం చూస్తే తేడా కళ్లకు కడుతుంది.

అక్కడ కనిపించే దూరపు రైడర్లలో కొందరు బ్రెవే తొక్కేవాళ్లు ఉండొచ్చు. 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో, 600 కిలోమీటర్లు 40 గంటల్లో పూర్తి చేయాల్సిన సవారీలవి. వాటిలో స్థానాలు, బహుమతులు ఉండవు, గడువులోగా చేరితే చాలు. అన్ని గంటలు కూర్చోవాల్సినవాళ్లకు హ్యాండిల్ ఎంత కిందకు ఉందన్నది గొప్ప విషయం కాదు. పదో గంటలో కూడా మోచేతులు మడిచి కూర్చోగలుగుతున్నారా అన్నదే లెక్క.

రెండు మూడు నెలల తర్వాత, పుస్తకంలో నొప్పుల గడి ఖాళీగా ఉండటం మొదలయ్యాక, స్టెమ్ కింద ఉన్న రింగుల్లో ఒకదాన్ని, 5 లేదా 10 మిల్లీమీటర్లది, తీసి స్టెమ్ పైన వేయించవచ్చు. హ్యాండిల్ అంతమేరకు దిగుతుంది. పైకి పొడుచుకొచ్చిన గొట్టం చూడటానికి బాగోలేదని మెకానిక్ కోసేస్తానంటే వద్దనాలి. మళ్లీ మూడు సవారీలు, మళ్లీ పుస్తకంలో మూడు గీతలు. మెడ మూలిగితే రింగు తిరిగి కిందకు వెళుతుంది, పది నిమిషాల పని.